మందుతోటకు అధికారి

ఒక పెద్ద అడవిలో ఎండాకాలం వచ్చిందంటే వాగులన్నీ ఎండిపోయేవి. కొండ అవతల మడుగులో మాత్రం నీళ్లుండేవి. ఆ మడుగుకు దారి తెలిసింది గున్నమ్మ అనే ముసలి ఏనుగు ఒక్కదానికే. ఏటా ఆమె ముందు నడిచేది, అడవంతా ఆమె వెనక నడిచేది. ఒక ఏడు గున్నమ్మకు మోకాళ్లు పట్టేశాయి.

గంజాయి పువ్వుతో కాచిన నూనె రాస్తే తప్ప ఆ కాళ్లు కదలవని వైద్యుడు తాబేలు తేల్చేశాడు. అడవి జంతువుల సభ వాగొడ్డున తోట వేయించింది. గంజాయి తోట అంటే కోతులు ఒకటే ఇకిలిస్తున్నాయని దానికి మందుతోట అని పేరు పెట్టారు. గంజాయి వనంలో తులసి మొక్క అని మనం ఊరికే అంటాం గానీ, ఈ తోట చుట్టూ నిజంగానే తులసి నాటారు. ఆ ఘాటుకు పురుగు దూరంగా ఉంటుందని ఆశ.

అయినా పురుగు రానే వచ్చింది. ఆకుల కింద పేనుబంక, మొగ్గల్లో పచ్చపురుగు. సభ బాగా ఆలోచించి పురుగుల నివారణ అధికారిగా ఒక నెమలిని వేసింది. అతని పేరు పింఛాలరావు. పుట్టిన దగ్గర్నుంచి పురుగులు తిని పెరిగినవాడు. అంతకంటే తగినవాడు ఎక్కడ దొరుకుతాడు?

అధికారి అన్నాక కూర్చోవడానికి ఎత్తైన బండ కావాలి కదా, ఇచ్చారు. పూటపూటా కొర్రలు పంపించారు. మొదటిరోజు పింఛాలరావు అలవాటు కొద్దీ తోటలోకి దిగి ఓ పచ్చపురుగు మీదికి మెడ చాచాడు. పక్కనున్న సభ గుమాస్తా కొండముచ్చు మెల్లగా దగ్గాడు.

"అయ్యగారూ, తమరు అధికారి. తమరే పురుగులు ఏరుకు తింటుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు?"

పింఛాలరావుకు సిగ్గేసింది. మెడ వెనక్కి లాక్కుని బండెక్కాడు. మళ్లీ దిగలేదు.

మరి పురుగుల సంగతో? అందుకు గండుచీమల పెద్ద గండయ్య దండం పెట్టుకుంటూ వచ్చాడు.

"మా వాళ్లను పెట్టుకోండి అయ్యగారూ. కొమ్మకో కాపలా. ఆకు కొరికేవాడు మాలో ఒక్కడు లేడు, కావాలంటే అడవంతా విచారించుకోండి."

అదీ నిజమే. చీమ ఆకు ముట్టదు. పేనుబంక ఆకు రసం పీల్చి తియ్యటి జిగురు వదులుతుంది, ఆ జిగురు చీమలకు పాయసం. అందుకే పాడిగేదెను చూసుకున్నట్టు పేనుబంకను చూసుకుంటాయి. ఈ సంగతి పింఛాలరావుకు తెలియదా అంటే, బాగా తెలుసు. కానీ బండ మీద నుంచి చూస్తే చీమల బారులు ముచ్చటగా కనిపించేవి. అది చూస్తూ కొర్రలు తింటుంటే మిగతావేవీ గుర్తొచ్చేవి కావు.

ఒకనాడు ఎర్రటి ఒంటి మీద నల్లచుక్కలతో అక్షింతల పురుగులు గుంపుగా వచ్చాయి. వాటికి పేనుబంకంటే ప్రాణం. చీమలు కరిచి తరిమితే బండ దగ్గరికొచ్చి మొరపెట్టుకున్నాయి.

"తోటలో మీకేం పని?" అన్నాడు పింఛాలరావు.

"పేనుబంక తినడానికండి."

"అంటే తినడానికే వచ్చారన్నమాట. తోటలో పడి తినేవాళ్లనే కదా పురుగులంటారు? గండయ్యా, వీళ్లను పంపించెయ్."

గండయ్య పనిలో పనిగా, "మందుతోటలో మందు కాని మొక్కలెందుకండి" అని తులసిని కూడా పీకించేశాడు. తులసి మందేనన్న మాట ఎవరికీ తట్టలేదు.

మోదుగలు పూశాయి. గున్నమ్మ కుంటుకుంటూ తోటకొచ్చింది. ఆకులు ముడుచుకుపోయి, జిగురెక్కి, మసి పూసినట్టున్నాయి.

"ఒరే పింఛాలూ, ఎండలు ముదురుతున్నాయి. పువ్వేదిరా?"

"కాపలా పకడ్బందీగా ఉందవ్వా. ఒక్క పేనుబంక కూడా తోట దాటి పోలేదు."

గున్నమ్మకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఆ నవ్వు చూశాక గానీ తానేమన్నాడో పింఛాలరావుకు తెలియలేదు. వెనక నిలబడ్డ లేడి తన పిల్లల్ని దగ్గరికి తీసుకుంది. నీళ్లు లేని వేసవి ఎలా ఉంటుందో దానికి తెలుసు. దాని ముఖం చూడలేక పింఛాలరావు తల దించుకున్నాడు. మొదటిసారి అతనికి నిజంగా బాధేసింది.

సభ ఆ సాయంత్రమే అతని పదవి పీకేసింది. బండ పోయింది, కొర్రలు పోయాయి. మర్నాటికి కడుపులో ఎలుకలు పరిగెత్తడం మొదలైంది.

"అంత తోట ఎదురుగా పెట్టుకుని ఆకలంటావేంటయ్యా?" అంది భార్య.

"ఎవరైనా చూస్తే?"

"ఇప్పుడు నిన్నెవరు చూస్తారు?"

అదీ నిజమే. పింఛాలరావు అటూ ఇటూ చూసి ఓ పచ్చపురుగును నోట్లో వేసుకున్నాడు. ఎంత బాగుందో. చిన్నప్పుడు వాళ్లమ్మ ఏరి పెట్టిన రుచి. ఇంకోటి తిన్నాడు. నంజుకోవడానికి చీమలు పుల్లగా బాగా కుదిరాయి. భార్యను పిలిచాడు, ఆమె అక్కచెల్లెళ్లను పిలిచింది, బంధుబలగమంతా తోటలో పడింది. గండయ్య మిగిలినవాళ్లను వెంటేసుకుని పుట్టలో దూరాడు. కాపలా పోయిందని తెలిసి అక్షింతల పురుగులు పెళ్లివారిలా దిగి పేనుబంకను ఊడ్చిపెట్టాయి. ఆకు విచ్చుకుంది. ఆలస్యంగానైనా పువ్వొచ్చింది.

వైద్యుడు తాబేలు ఆ పువ్వుతో నూనె కాచాడు. గున్నమ్మ లేచి నాలుగడుగులు వేసి, "పదండర్రా" అంది. అడవంతా కదిలింది. లేడిపిల్లలు అందరికంటే ముందు గెంతాయి.

కడుపునిండా నీళ్లు తాగాక సభ మడుగు గట్టునే కూర్చుంది. పింఛాలరావుకు పదవి తిరిగివ్వాలని, ఈసారి ఇంకా ఎత్తైన బండ వేయాలని అందరూ ముక్తకంఠంతో అన్నారు. ఆ మాటకు పింఛాలరావు మెడ కాస్త సాగిన మాట వాస్తవం. భార్య కాలు తొక్కింది.

"వద్దండి. నాకు ఆకలే బాగుంది" అన్నాడు.

"మరి ఎవరికిద్దాం?"

"గండయ్యకివ్వండి" అంది గున్నమ్మ, తొండంతో నీళ్లు చల్లుకుంటూ.

సభ నోరు వెళ్లబెట్టింది. కానీ దారి తెలిసిన అవ్వ మాట కాదనేదెవరు?

గండయ్య బండెక్కాడు. కొర్రలొచ్చాయి. కొండముచ్చు దగ్గి, అధికారిగారి మనుషులు ఆకుల కింద జిగురు నాకుతుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారని అడిగాడు. గండయ్యకు సిగ్గేసింది. చీమ అన్నది తోట వైపు వెళ్లకూడదని ఆజ్ఞ వేశాడు. మరుసటి ఏడు తోట విరగబూసింది. పింఛాలరావు రోజూ పురుగులు ఏరుకుంటూ బండ పక్కగా వెళ్లినప్పుడల్లా అధికారిగారికి వంగి దండం పెట్టేవాడు.

అందుకే ఆ అడవిలో పిల్లలకు ఈనాటికీ చెప్పే నీతి ఇది: పని చేసేవాడికి పదవి ఇస్తే పని ఆగిపోతుంది, చెడగొట్టేవాడికి ఇస్తే చెడగొట్టడం ఆగిపోతుంది.