ఒక చేపకు ఒక మనిషి

వరదకు పెద్దా చిన్నా తేడా తెలియదు. ఆ లోపాన్ని సరిదిద్దడానికే మన ఊళ్లో తరలింపు శాఖ వెలిసింది.

ఆ శాఖ రెండు పథకాలు తయారుచేసింది. పెంపుడు జంతువుల పథకంపై జంతువుల నుంచి ఒక్క అభ్యంతరమూ రాలేదు కనుక అది వెంటనే అమల్లోకి వచ్చింది. మనుషుల పథకంపై మనుషులు నోరు విప్పారు. (అది ఇంకా పరిశీలనలో ఉంది. ఆ మాత్రం ఓపిక లేకపోతే ఎలా?)

అందుచేత మా వీధిలో నీళ్లు మొదటి అంతస్తు ఎక్కిన ఉదయం జంతువుల పడవ వచ్చింది. మేమంతా డాబాల మీద నిలబడి చేతులు ఊపాం. పడవ అధికారి మైకు అందుకున్నాడు.

"జంతువులు మాత్రమే ఎక్కాలి. ఒక్కో జంతువుకు ఒక్కో సహాయకుడు. తోసుకోకండి!"

మా ఇంట్లో అమ్మ, నేను, ఒక కుక్క. కుక్కకు అమ్మంటే అస్సలు పడదు కాబట్టి సహాయకుడి పదవి నాకు దక్కింది. అమ్మ మిగిలిపోయింది.

అంతలో పై వాటా ఆవిడ చేపల తొట్టి మోసుకొచ్చింది.

"చేప జంతువేనా సార్?"

అధికారి నిబంధనలు తిరగేశాడు. "కాదని ఎక్కడా లేదు."

అంతే, వీధి వీధంతా ఆవిడ కాళ్లావేళ్లా పడింది. నిన్నటిదాకా ఆవిడను పిసినారి అన్నవాళ్లే వెన్నలాంటి మనసన్నారు. గ్లాసులు, చెంబులు, సీసాలు బయటికొచ్చాయి. టైలరు టీ కప్పు పట్టుకొచ్చి, కాస్త చురుకైన చేప కావాలని పేచీ పెట్టాడు. డాక్టరుగారు తన చేపకు నాడి చూసుకున్నారు (బాగానే ఉందట).

బట్టలారేసే తీగ దగ్గర జరిగిన తగాదాతో అమ్మకూ ఆవిడకూ మాటల్లేవు. "ఆవిడ్ని అడిగే కంటే మునగడం నయం" అంది అమ్మ. నీళ్లు మరో మెట్టెక్కాయి.

"వదినా, ఆ తీగ నీదే. చిన్నదైనా సరే, ఒకటియ్యవా?"

ఆవిడ చివరిగా మిగిలిన ఎర్ర చేపను స్టీలు గ్లాసులో వేసి ఇచ్చింది. "జాగ్రత్త వదినా, ఇది కాస్త దుడుకుది."

పడవ కదిలింది. అందరం పిక్నిక్కు బయల్దేరినట్టు పకపకా నవ్వుకున్నాం. సందు మలుపు తిరగ్గానే అమ్మ చేప గ్లాసులోంచి ఎగిరి వరదలో పడి, హాయిగా ఈదుకుంటూ పోయింది.

అధికారి ఓ డాబా పక్కన పడవ ఆపించాడు. "మీ చేప తన ఏర్పాట్లు తను చూసుకుంది. ఇక మీరు దిగండమ్మా."

"ఆమె బదులు నేను దిగుతానండీ" అన్నాను.

"జంతువును వదిలేయడం నేరం. సహాయకుణ్ణి మార్చాలంటే జంతువు సమ్మతి కావాలి."

కుక్క అమ్మను చూసి గుర్రుమంది. (సమ్మతి లేదని నమోదైంది.)

అమ్మ ఖాళీ గ్లాసుతో ఎవరిదో డాబా మీదికి దిగింది.

"మరి మనుషుల పడవ ఎప్పుడొస్తుంది నాయనా?"

"తప్పకుండా వస్తుందమ్మా" అన్నాడు అధికారి ఎంతో మర్యాదగా. "నీళ్లు తగ్గగానే."