ప్రమాదం జరగని వెయ్యో రోజు

సేఫ్టీ ఆఫీసరు ఆ ఉదయం ఆరింటికే లేచి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చైర్మన్ చేతుల మీదుగా జ్ఞాపిక అందుకోవడం ఎలాగో అద్దం ముందు రెండుసార్లు సాధన చేశాడు. జ్ఞాపిక ఇంకా రాలేదు కాబట్టి దువ్వెనతో సరిపెట్టుకున్నాడు. నీళ్ళ పంపులు తయారుచేసే వాళ్ళ ఫ్యాక్టరీ హాలు గోడకు ఒక బోర్డుంది. "ప్రమాదం లేకుండా గడిచిన రోజులు" అని పైన రాసి, కింద అంకెల రేకులు తగిలిస్తారు. నిన్నటికి ఆ అంకె తొమ్మిదివందల తొంభైతొమ్మిది. ఇవాళ పదకొండింటికి సభ. వెయ్యి తగిలించగానే అతను చీఫ్ సేఫ్టీ ఆఫీసరవుతాడు, సిబ్బంది అందరికీ మూడు రోజుల సెలవు.

"చైర్మన్‌గారు వాళ్ళ నాన్నగారి పాత ఆంప్లిఫయర్లోనే మాట్లాడతారట. యాభై ఏళ్ళ నాటి గాజు వాల్వుల పెట్టె. దాన్ని తుడిచి మెరిపించే పని నాదే," అన్నాడు భార్యతో.

ఆమె రేడియో మెకానిక్కు కూతురు. కాఫీ గ్లాసు అతని చేతికివ్వబోయి ఆగింది.

"ఏవండీ, వాటి జోలికి మీరు పోకండి. మా నాన్న అలాంటివి విప్పితే ఒక చెయ్యి జేబులో పెట్టుకుని రెండో చేత్తోనే పని చేసేవాడు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండెలోంచి పోతుందనేవాడు. ప్లగ్గు పీకేసినా వాటి కడుపులో కరెంటు నిలవుంటుంది."

"ప్లగ్గు పీకాక కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందే? నేను సేఫ్టీ ఆఫీసర్ని."

"బల్బు మార్చాలంటే నన్నే పిలుస్తారు కదా, అందుకని చెప్పాను."

ఆ మాట నిజమే. పన్నెండేళ్ళ సర్వీసులో అతను విద్యుత్ ప్రమాదాల మీద నూటనలభై సర్క్యులర్లు రాశాడు. స్వహస్తాలతో ముట్టుకున్న విద్యుత్ పరికరం మాత్రం బల్ల మీది కాలింగ్ బెల్లు ఒక్కటే.

హాల్లో వేదిక మీద పెట్టె సిద్ధంగా ఉంది. వెనక గోడకు వ్యవస్థాపకుడి నిలువెత్తు ఫొటో. అందులో ఆయన ఒక చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని, రెండో చెయ్యి అదే పెట్టె మీద ఆనించి, మహా దర్జాగా నవ్వుతున్నాడు. సేఫ్టీ ఆఫీసరు ప్లగ్గు పెట్టి చూశాడు. వాల్వులు ఎర్రగా వెలిగాయి, స్పీకరు గురగురమంది. తృప్తిపడి ప్లగ్గు పీకాడు. వెనక మూత విప్పి, తడిగుడ్డతో లోపలి దుమ్ము తుడవబోయాడు.

మరుక్షణం అతను వేదిక మీద లేడు. కింద పేర్చిన కుర్చీల మధ్య కూర్చుని ఉన్నాడు. భుజం దాకా చెయ్యి తనది కానట్టుంది.

గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది సార్?"

షాకు అంటే ప్రమాదం. ప్రమాదమంటే రిజిస్టరు. రిజిస్టరంటే బోర్డు మీద సున్నా. సేఫ్టీ ఆఫీసరు ఇదంతా ఒక్క ఊపిరిలో ఆలోచించాడు.

"ఏం లేదయ్యా. తుమ్మొచ్చింది."

"ఇంత దూరమా సార్?"

"గట్టి తుమ్ము."

ప్లగ్గు పీకినదాంట్లో కరెంటుండదు కాబట్టి, తనకు తగిలింది కరెంటు కాదని అతను తనకు తానే నచ్చజెప్పుకున్నాడు కూడా. పెట్టె పాడైందేమోనని మళ్ళీ ప్లగ్గు పెట్టి చూసి, బాగానే ఉందని పీకి, మిగతా దుమ్ము గుమాస్తాకు అప్పగించాడు. గుమాస్తా చెయ్యి లోపల పెట్టాడో లేదో, గుడ్డ ఒక మూలకు, మనిషి ఒక మూలకు పోయారు. మూడు రోజుల సెలవుకని అతను భార్యాపిల్లలతో చెల్లెలింటికి పోవడానికి అప్పటికే టిక్కెట్లు కొనుక్కున్నాడు.

"నాక్కూడా తుమ్మే సార్," అన్నాడు లేస్తూ.

పదిన్నరకు మేనేజరు మైకు పరీక్షించడానికి వచ్చాడు. పెట్టెది రెండు కాళ్ళ పాతకాలం ప్లగ్గు, ఎటు తిప్పి పెట్టినా దూరుతుంది. ఈసారి గుమాస్తా అటుది ఇటు పెట్టాడు. మేనేజరు ఇనప మైకు ముట్టుకుని, "హ... హ... హలో," అని చెయ్యి విదిలించుకున్నాడు. అప్పుడే వచ్చి కూర్చుంటున్న కార్మికులు, సారు వెయ్యి రోజుల గొప్పదనం తలుచుకుని కదిలిపోయారనుకుని చప్పట్లు కొట్టారు.

మేనేజరు కిందికి దిగి సేఫ్టీ ఆఫీసరు దగ్గర గొంతు తగ్గించాడు. "ఏదో జివ్వుమన్నట్టుంది. నీకేమైనా అనిపించిందా?"

"లేదు సార్."

"అయితే నాకూ లేదు."

అప్పుడు సేఫ్టీ ఆఫీసరుకు నిజంగా భయమేసింది. స్టోరు గదిలోకెళ్ళి భార్యకు ఫోన్ చేశాడు.

"ఊరికే అడుగుతున్నాననుకో. పాత పెట్టె మైకు పట్టుకుంటే జివ్వుమంటే ఏంటి అర్థం?"

"ఎంతమందికి కొట్టింది?"

"ముగ్గురికి."

"ప్లగ్గు తిరగబడింది. పెట్టె ఒళ్ళంతా కరెంటే, మైకుతో సహా. పట్టుకున్నాయన కాళ్ళకేముంది?"

"రబ్బరు బూట్లు."

"అందుకే బతికాడు. తడినేల మీద పల్చటి చెప్పులతో ఎవరైనా దాన్ని పట్టుకుంటే మనిషి దక్కడు. మీరు మాత్రం ఒక చెయ్యి జేబులో పెట్టుకోండి."

అతను బయటికొచ్చేసరికి చైర్మన్ వచ్చేశాడు. ఆయన వస్తున్నాడని వేదికను మళ్ళీ తడిగుడ్డతో తుడిచారు. నేల తళతళలాడుతోంది. చైర్మన్ కాళ్ళకు పల్చటి తోలు చెప్పులు. ముందు వరుసలో సేఫ్టీ కౌన్సిల్ నుంచి అవార్డు ఇవ్వడానికి వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ కునుకు తీస్తోంది. గుమాస్తా వెయ్యి అంకె రేకులు పట్టుకుని బోర్డు పక్కన నిలబడ్డాడు. చైర్మన్ నవ్వుతూ మైకు వైపు చెయ్యి చాచాడు.

సేఫ్టీ ఆఫీసరు కళ్ళ ముందు పన్నెండేళ్ళుగా ఎదురుచూసిన చీఫ్ పదవి కనిపించింది. దాని పక్కనే కింద పడున్న చైర్మన్ కూడా కనిపించాడు. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని వేదికెక్కి, రెండో చేత్తో ప్లగ్గు పీకేశాడు.

"జేబులోంచి చెయ్యి తీయవయ్యా, ఎవరి ముందున్నావో తెలుస్తోందా?" అన్నాడు మేనేజరు.

"తీయను సార్. ఈ పెట్టె పొద్దుట్నుంచి ముగ్గుర్ని కొట్టింది. మొదటివాణ్ణి నేనే. మూడోవారు తమరు."

అతను నడుచుకుంటూ వెళ్ళి, బోర్డు మీది తొమ్మిదులు మూడూ పీకి, సున్నా తగిలించాడు.

గుమాస్తా టిక్కెట్లు తలుచుకుని నిట్టూర్చి చెయ్యెత్తాడు. "నాది తుమ్ము కాదు సార్." వెనక వరుసలో లేత్ ఆపరేటరు లేచాడు. "పోయినేడాది నా చిటికెనవేలు చితికింది. తలుపు సందులో పడిందని రాయించారు." ఆ తర్వాత చేతులు లేస్తూనే ఉన్నాయి. మేనేజరు ఫ్యాను కేసి చూస్తూ కూర్చున్నాడు.

చైర్మన్ మాత్రం గోడ మీది ఫొటోను, సేఫ్టీ ఆఫీసరు జేబును మార్చి మార్చి చూశాడు. "ఆ పెట్టె దగ్గర నాన్నగారెప్పుడూ అలాగే నిలబడేవారు. ఇన్నాళ్ళూ అది దర్జా అనుకున్నాను," అన్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ ఎప్పుడు మేలుకుందో ఏమో, లేచి బోర్డు దగ్గరికొచ్చింది. "ముప్ఫై ఏళ్ళుగా ఇలాంటి బోర్డులు చూస్తున్నాను. రెండువేలు చూశాను, మూడువేలు చూశాను. నేను నమ్మిన మొదటి అంకె ఇదే. అవార్డు మీకే. ఫ్యాక్టరీ మూడు రోజులు మూసేసి, యంత్రాలన్నీ పరీక్ష చేయించండి. జీతం కొయ్యకండి."

గుమాస్తా జేబులోని టిక్కెట్లు తడిమి చూసుకున్నాడు. సేఫ్టీ ఆఫీసరు జ్ఞాపిక కూడా ఒంటిచేత్తోనే అందుకున్నాడు. చీఫ్ పదవి అక్కడికక్కడే ఖాయమైంది.

ఆ సాయంత్రమే మేనేజరు సర్క్యులరు పంపాడు: కంపెనీకి ఇంతటి పేరు తెచ్చిన ఆ సున్నాను ఇకమీదట ఎవరూ మార్చరాదు.