సర్వేకెళ్లిన కవిత్వం

నరసింగరావు చేసిన పని ఇంకెవరు చేసినా సోములు క్షమించేవాడేమో. సొంత మేనత్త కొడుకు, పక్క చేనువాడు, రెండో తరగతిలో తన పలక చూసి రాసినవాడు, మాటమాత్రం చెప్పకుండా కవిత్వం పుస్తకం అచ్చేయించాడు.

ఆ ఉదయం సోములు మోటారు బెల్టు కొనడానికి బొబ్బిలి బయల్దేరాడు. బస్సుకి టైముందని పెళ్లాం పద్మకుమారి ఆ పుస్తకం తెరిచి పైకి చదివింది.

"వామనుడు మా నాన్న. తెల్లారేసరికి గట్టురాయి నడిచింది. మూడో అడుగు ఎవరి నెత్తినో నాకు గుర్తుంది, చెప్పను."

సోములు చెప్పులు విప్పేశాడు.

"మల్లీ సదువు."

మళ్లీ చదివింది.

"ఇంకేటి కావాలే? బావాళ్ల అయ్య మన సేనులోకి రాయి జరిపేసినాడు. కొడుకే అచ్చులో ఒప్పేసుకున్నాడు!"

"అది కవిత్వమయ్యా. పురాణం కలిపి రాసినాడు."

"కలపకపోతే దొరికిపోతాడు కదా!"

సోములు తిన్నగా రామమందిరంలో పురాణం చెప్పే నారాయణమూర్తి గారి దగ్గరికెళ్లాడు. "వామనుడి అడుగంటే ఎంతుంటాదండీ?"

"ఒకటి భూమంత, రెండోది ఆకాశమంత నాయనా."

అప్పటిదాకా రెండు మూడు సెంట్లే అనుకుంటున్న సోములు అరుగు మీద కూలబడ్డాడు.

మర్నాడే గ్రామ సచివాలయంలో కొలతకి అర్జీ పెట్టాడు. సర్వేయరు రేఖ ఆధారం అడిగితే పుస్తకం టేబులు మీద పెట్టి ముప్పై నాలుగో పేజీ తెరిచాడు. ఆవిడ చదివి "బాగుందండీ" అంది. ఆ మాట సోములుకి నచ్చలేదు. బావ ఇక్కడికీ ఒక కాపీ పంపాడన్నమాట.

సాయంత్రానికి నరసింగరావు స్కూటరేసుకుని వచ్చేశాడు.

"ఒరే సోములూ, దండం పెడతాను, అర్జీ ఎనక్కి తీసుకోరా. పుస్తకాలన్నీ తగలెట్టేమన్నా తగలెట్టేస్తాను."

"అంత బయమేటి బావా?"

"నా కోసం కాదురా."

"మరెవులి కోసం?"

నరసింగరావు నేల చూశాడు. "పోనీ, నా సేనులో రెండు సెంట్లు నీకు ఊరికే రాసిచ్చెస్తాను. కొలతొద్దు."

సోములు తలుపేసుకున్నాడు. ఊరికే రెండు సెంట్లిచ్చేవాడు ఇరవై మింగకుండా ఉంటాడా?

కొలత రోజున సగం ఊరు గట్టు మీదే ఉంది. రేఖ మిషను పట్టుకుని రాయి దాకా వచ్చి, రాయి దాటి, సోములు మినపచేలోకి నడిచింది.

"అటు కాదు తల్లీ, ఇటు!"

"హద్దు ఇక్కడేనండీ. రాయే బావగారి చేలో ఉంది."

"ఆ మిషను పాడైపోనాది!"

గట్టు మీద కూర్చున్న సోములు తల్లి అసిరమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. "మిషనుకేటీ అవలేదురా. జరిపింది మీ అయ్యే. రెండో పక్క నేనే పట్టినాను. శానా బరువు."

గట్టంతా ఒక్కసారిగా నవ్వింది. సోములు బావ మీదికి తిరిగాడు. "మరి మీ అయ్య జరిపినాడని రాసినావేటి?"

"నిజం రాస్తే ఊర్లో నువ్వు తలెత్తుకోలేవని, మా అయ్య మీదేసుకున్నానురా. పోయినోడు కదా, ఏటీ అనుకోడు. వద్దు, కొలిపించొద్దని సెప్తే ఇన్నావా?"

రేఖ కొత్త హద్దులో రాయి పాతించి, కాగితం మీద సోములు సంతకం తీసుకుంది. పోయింది పదకొండున్నర సెంట్లు.