మంత్రివర్గంలో పైడిరాజు ముఖం కొనసాగింపు

మంత్రి పదవి పోయినవాళ్లు ప్రభుత్వ కారును, గన్‌మన్లను, ముఖాన్ని మూడు రోజుల్లోగా తిరిగి అప్పగించాలన్నది రాష్ట్రంలో ఎప్పటినుంచో ఉన్న నిబంధన. కారు ఒక రోజు ఆలస్యమైనా సర్దుకుంటారు గానీ, ముఖం విషయంలో ప్రోటోకాల్ విభాగం ఊరుకోదు.

ఇందులో వింతేమీ లేదు. మంత్రులు మారినప్పుడల్లా ఫ్లెక్సీల మీద, బడి సంచుల మీద, పంపుహౌస్ గోడల మీద బొమ్మలు మార్చలేక విసిగిపోయిన అధికారులు చివరికి శాఖకొక ముఖం ఖాయం చేశారు. ప్రమాణ స్వీకారం రోజు ఉదయం కొత్త మంత్రి సచివాలయం కింది అంతస్తులో పద్నాలుగో నంబరు గదికి వెళ్లి సొంత ముఖం జమ చేసి రసీదు తీసుకుంటాడు. శాఖ ముఖం తగిలించుకుని గవర్నరు ముందు "అనే నేను" అంటాడు. కళ్లూ చెవులూ మనిషి దగ్గరే ఉంటాయి, నోరు మాత్రం శాఖది. జనానికి ఇబ్బంది లేదు. తిట్టుకునే ముఖం మారదు కాబట్టి వాళ్లకు అలవాటు తప్పే పని ఉండదు.

ఆ శుక్రవారం అయిదుగురు మంత్రులు స్వచ్ఛందంగా రాజీనామా చేశారు. స్వచ్ఛందంగా చేసిన సంగతి టీవీలో చూసేదాకా వాళ్లకే తెలియదు. తేదీ లేని రాజీనామా లేఖలు ప్రమాణ స్వీకారం నాడే రాసిచ్చి ఉన్నారు. ఇప్పుడు ముఖ్యమంత్రి కార్యాలయంలో ఎవరో తేదీ వేశారు, అంతే. నలుగురు అలిగి ఫోన్లు కట్టేసుకున్నారు. అయిదోవాడు, చిన్న నీటిపారుదల శాఖ చూసిన తూముల పైడిరాజు, పైకి దిగాలుగా కూర్చున్నా లోపల తెగ సంబరపడ్డాడు.

కారణం కూతురు. పైడిరాజు మంత్రి అయ్యేనాటికి లాస్యకు మూడేళ్లు. శాఖ ముఖంతో ఇంటికెళ్లిన మొదటిరోజే కెవ్వుమని తల్లి వెనక దాక్కుంది. ఆ తర్వాత మూడేళ్లలో ఒక్కసారి కూడా ఎత్తుకోనివ్వలేదు. "మినిస్టరు గారొచ్చారమ్మా" అని చెప్పి గదిలోకి పోయేది. బడికి వెళ్లేముందు మాత్రం హాల్లో ఉన్న పాత ఫొటోకు "నాన్నా, టాటా" చెప్పేది.

రాజీనామా వార్త చూసి భార్య గిరిజ ఫోన్ చేసింది. "ఏటండీ, నిజమేనా? మరి ముఖం ఇచ్చేస్తారా?"

"సోమవారం తెచ్చేసుకుంటాను. పాపతో చెప్పు."

ఫోనులో పాప గెంతులు వినిపించాయి. పైడిరాజు రసీదు వెతికి జేబులో పెట్టుకుని, అది ఉందో లేదో రెండు రోజులూ తడుముకుంటూనే ఉన్నాడు.

సోమవారం పద్నాలుగో గదిలో సూపరింటెండెంట్ ఇమ్మానుయేలు శాఖ ముఖాన్ని పైడిరాజు దగ్గర తీసుకుని, దీపం కింద తిప్పి చూసి, గీతలేవీ లేవని రాసుకున్నాడు. తర్వాత రసీదు తీసుకుని, నాఫ్తలిన్ ఉండల వాసన కొట్టే ఇనుప బీరువా తెరిచాడు. మూసి వచ్చాడు.

"మీది లేదండి. పొద్దున తొమ్మిదింటికి వేరేవారికి ఇచ్చేశాం."

అప్పటికే ముఖం అప్పగించేసి ఉన్నాడు కాబట్టి పైడిరాజుకు అడగడానికి నోరు లేదు. బల్లమీది కాగితం లాక్కుని "ఎలా?" అని రాశాడు.

ఇమ్మానుయేలు మంచివాడు. కుర్చీ వేసి, ఫైలు తెరిచి చూపించాడు. శాఖ ముఖం ఇన్నేళ్ల దండల కింద నలిగిపోయి, నవ్వు ఒకపక్కే లేస్తోంది. దాన్ని రద్దు చేసి కొత్తది ఎంపిక చేయడానికి కమిటీ వేశారు. కొత్తగా శాఖ దక్కిన శేషశయనం గారిదేమో రాష్ట్రం ఆ చివర. పైడిరాజును తప్పిస్తే కొండల పక్కనున్న ఆయన జిల్లాకు మంత్రివర్గంలో చోటే ఉండదు. సమీకరణాలు దెబ్బతింటాయి. కాబట్టి కమిటీ పైడిరాజు ముఖాన్నే కొత్త శాఖ ముఖంగా ఎంచి మంత్రివర్గంలో కొనసాగించింది.

"మిమ్మల్ని తప్పించారు గానీ మీ జిల్లాను తప్పించలేదండి. సంతోషించాలి నిజానికి," అన్నాడు ఇమ్మానుయేలు.

గదిలో టీవీ నడుస్తోంది. గడ్డం మీద పుట్టుమచ్చతో సహా పైడిరాజు ముఖం గవర్నరు ముందు నిలబడి "శేషశయనం అనే నేను" అంటోంది. పైడిరాజు సొంత నియోజకవర్గంలో టపాసులు కాలుస్తున్నట్టు కింద అక్షరాలు పరుగెత్తాయి. కాలుస్తున్నది ఆయన అనుచరులే.

ముఖం లేకుండా పంపే వీలు లేదు కాబట్టి ఇమ్మానుయేలు ఇంకో బీరువా తెరిచాడు. మంత్రి పదవి ఖాయమనుకుని ముందుగానే ముఖం జమ చేసి, జాబితాలో పేరు రాక, తిరిగి తీసుకెళ్లడానికి మనసొప్పని ఆశావహుల ముఖాలు అందులో పదకొండు ఉన్నాయి. కొలత సరిపోయిన ఒకదాన్ని తాత్కాలిక ప్రాతిపదికన ఇచ్చాడు. ఎదురుచూపు తప్ప మరేదీ పలకని ముఖం అది.

ఇంట్లో గిరిజ తలుపు తీసి, "ఎవరు కావాలండీ?" అంది. "నేనే" అన్న గొంతు విని గుర్తుపట్టి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది. లాస్య చేతిలో గ్రీటింగు కార్డుతో పరుగెత్తుకొచ్చి, ఆగి, కార్డు వెనక్కి దాచుకుంది.

"నాన్న రాలేదా అమ్మా?"

వారం తిరిగేసరికి పైడిరాజు తన ముఖం తనకు ఇప్పించవలసిందిగా అర్జీ రాసుకుని, మంత్రిగారి ప్రజాదర్బారుకు వెళ్లాడు. పాప తానూ వస్తానని పేచీ పెడితే వెంట తీసుకెళ్లాడు. టోకెన్ నంబరు రెండు వందల పద్నాలుగు. వరుసలో ఆయన వెనక దాలమ్మ అనే ముసలామె, వాళ్ల ఊరి చెరువు గండి గురించిన అర్జీ పట్టుకుని నిలబడి ఉంది. మడతల దగ్గర చిరిగిన కాగితం.

వంతు వచ్చింది. లాస్య ఒక్కసారిగా చెయ్యి విదిలించుకుని, "నాన్నా!" అని పరుగెత్తింది. మంత్రి వంగి పాపను ఎత్తుకున్నాడు. కెమెరాలు రెండుసార్లు మెరిశాయి. పాప ఆయన మెడ చుట్టూ చేతులు వేసి, చెవిలో ఏదో చెబుతూ ఉండగానే దింపేశాడు. చూపు అప్పటికే టోకెన్ నంబరు రెండు వందల పదిహేను మీదికి పోయింది.

పైడిరాజు అర్జీ ఇచ్చాడు. తన ముఖం తనను చూసి నవ్వింది. ఎడమ చెంప అలా లేచిందంటే లోపల భోజనం సంగతి ఆలోచిస్తున్నట్టు. అది ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. "తప్పకుండా చూద్దాం," అంది ఆ ముఖం. కాగితం విప్పకుండానే పీఏకి వెళ్లింది.

బయటికొచ్చాక పైడిరాజు మెట్లమీద కూర్చుండిపోయాడు. పాప ఏడవలేదు. "నాన్న నన్ను గుర్తుపట్టలేదు," అని మాత్రం అంది.

వెనకాలే వచ్చిన దాలమ్మ ఆయన్ని చూసి జాలిపడింది. "అంత ఇదైపోకు బాబూ. ఆ మొకం అంతే. ఓట్లప్పుడు మా ఈదిలోకొచ్చి మా మనవణ్ని ఇలాగే ఎత్తుకుంది. చెరువు గండి పూడ్చీస్తానని ఇలాగే నవ్వింది. దింపీసి ఎలిపోయింది."

ఓట్లప్పుడు పైడిరాజు ఇంకా మంత్రి కాలేదు. ఆ ముఖం వెనక ఉన్నది ఆయనే. వీధి గుర్తొచ్చింది, చెరువు గట్టు గుర్తొచ్చింది. ఎత్తుకున్న పిల్లాడి ముఖం మాత్రం ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు.

"అప్పుడది... వేరే మనిషేమోనమ్మా," అన్నాడు మెల్లగా.

"ఎవరైతే ఏటి బాబూ," అని దాలమ్మ అర్జీ నకలు మళ్లీ మడతపెట్టుకుంది. "వచ్చే వారం టోకిన్లు ఇచ్చేస్తన్నారట. లే, మళ్లీ దొరకవు."

నిజమే, కిటికీ దగ్గర అప్పుడే వరుస కట్టారు. పైడిరాజు లేచి, దాలమ్మ వెనక నిలబడి, పాపను ఎత్తుకోబోయాడు. లాస్య ఒకడుగు వెనక్కి వేసి, నడుస్తానంది.