కృతజ్ఞతా మందిరం, ఈశాన్య మూల

"గురువుల కోసం ఇంత పెద్ద హాలు ఆసియాలో ఇంతవరకు ఎవరూ కట్టలేదు. మనం కడుతున్నాం. ఎందుకంటే మనం ఇంజనీర్లం" అని ఉపమంత్రి ఊ విన్ జేయా గారు ప్రకటించారు. సింగపూర్ హోటల్లో, మా ఇంజనీరింగ్ కాలేజీ పూర్వ విద్యార్థుల విందులో, సూపుకీ చేపకీ మధ్య ఈ ప్రకటన జరిగింది. పదకొండు దేశాల నుంచి వచ్చినవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఈలోగా చేప చల్లారిపోయింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. అంతటి త్యాగనిరతి.

నేను ఆ విందులో లేను. యాంగోన్‌లో ఉండి పేపర్లో చదివాను. ఆ కాలేజీ సర్వే లాబ్‌లో ముప్ఫై నాలుగేళ్లు భూమి కొలిచే గొలుసు మోసి రిటైరైనవాణ్ని. నన్ను విందులకు పిలవరు. అది సబబే.

ఏటా డిసెంబర్లో మావాళ్లు ఆచార్య పూజ చేస్తారు. ముసలి గురువుల్ని వేదిక మీద వరసగా కూర్చోబెట్టి, మూడుసార్లు మోకరిల్లి, ఒక తువ్వాలూ ఒక పాలపొడి డబ్బా చేతిలో పెడతారు. ఇన్నాళ్లూ అద్దె హోటల్లో చేసేవారు. ఇక సొంత మందిరం వస్తుంది. పేరు కృతజ్ఞతా మందిరం. మూడు వేల సీట్లు. ప్రాణాలతో ఉన్న గురువులు పద్నాలుగు మంది.

పునాది సిడ్నీ వాళ్లు గీశారు. కప్పు టొరంటో వాళ్లు గీశారు. టొరంటోలో వాడే లెక్కల పుస్తకం ప్రకారం నాలుగడుగుల మంచు పడినా తట్టుకునేలా గీశారు. యాంగోన్‌లో మంచు పడదు కదా అని ఎవరో అడిగితే, "ఇప్పటిదాకా పడలేదు" అని జవాబు రాశారు. అలాంటి ముందుచూపు ఉన్నవాళ్లు మన దేశంలో ఎందుకు ఉంటారు.

స్థలం ఉపమంత్రిగారి శాఖ మంజూరు చేసింది. కాలేజీ ఆవరణలో ఒక సర్వే రాయి ఉంది. ఆ చుట్టుపక్కల ఏ భూమినైనా ఆ రాయి నుంచే కొలవాలి. మందిరం ఈశాన్య మూల ఆ రాయికి తూర్పున మూడు వందల అడుగుల్లో ఉండాలని కాగితంలో రాశారు. మూడు వందల అడుగులంటే ఎక్కడికి వస్తుందో సిడ్నీ శాఖ అధ్యక్షుడు కో హెన్రీ మిన్ లత్ తన ఫోన్లో, ఆకాశం నుంచి తీసిన ఫొటో మీద వేలు పెట్టి చూపించారు. వేలి కింద పచ్చటి ముద్ద ఒకటి ఉంది. "ఖాళీ జాగా" అన్నారు.

ఆ ముద్ద నిద్రగన్నేరు చెట్లు. చెట్ల కింద ఆరు చెక్క ఇళ్లు. వాటిలో రిటైరైన గురువులు ఉంటున్నారు. పైనుంచి చూస్తే గురువులు కనబడరు.

మొదటి ఇల్లు సయా ఊ ఓన్ ఖైన్‌ది. మాకు సయా అంటే గురువు; పేరు ముందు ఊ, కో, డా అన్నవి మీ గారు లాంటివి. ఎనభై ఒక్కేళ్ల మనిషి. నలభై ఏళ్లు సర్వే చెప్పాడు. భార్య డా మ్యా క్యీ. వాళ్లకు పిల్లల్లేరు. ఆ ఇంటి వెనక గదిలో నేనుంటాను. నా భార్య పోయి తొమ్మిదేళ్లయింది. అప్పటి నుంచి మ్యా క్యీ వంటింట్లోనే నా తిండి.

ఒక బుధవారం కో శాన్ లిన్ వచ్చారు. పూర్వ విద్యార్థుల సంఘానికి కార్యదర్శి. సయా ముందు మూడుసార్లు మోకరిల్లి ఒక కవరు ఇచ్చారు. శంకుస్థాపన ఆహ్వానం. మళ్లీ మూడుసార్లు మోకరిల్లి రెండో కవరు ఇచ్చారు. ముప్ఫై రోజుల్లో ఇల్లు ఖాళీ చేయమని నోటీసు. శాఖలో ఎస్టేట్ అధికారి కూడా ఆయనే. రెండు కాగితాల కిందా ఒకటే సంతకం.

"ఇదేంట్రా శాన్ లిన్" అన్నాడు సయా.

"మొదటిది సంఘం తరఫున, సయా. రెండోది ఆఫీసు తరఫున. దయచేసి రెండూ కలిపి చూడకండి."

"నేనేం చేయాలి?"

"ఈశాన్య మూల శంకువు మీ చేతుల మీదుగా పాతాలి సయా. పెద్ద గురువు మీరే కదా."

"ఆ మూల ఎక్కడొచ్చింది?"

కో శాన్ లిన్ నక్షా విప్పి, తిప్పి, ఇంకోసారి తిప్పి చూశారు. "పొయ్యికీ నీళ్ల కుండకీ మధ్యన, సయా."

డా మ్యా క్యీ వంటింట్లోంచి వచ్చింది. "పొయ్యి మీద మొహింగా ఉడుకుతోంది. ముందు అది తిను. శంకువు తర్వాత పాతుదువుగాని."

కో శాన్ లిన్ రెండు గిన్నెలు తిన్నారు. చేపల పులుసులో సేమియా కలిపి నోట్లో పెట్టుకుంటూ కళ్లు తుడుచుకున్నారు. "అమ్మ చేతి వంట ఎక్కడికెళ్లినా మర్చిపోలేం."

"ఇంకా ముప్ఫై రోజులు ఉందిగా. రోజూ రా" అంది ఆవిడ.

"ఖాళీ చేసి ఎక్కడికి పొమ్మంటావు?" అన్నాడు సయా.

"మీ పిల్లల దగ్గరికి..."

"పిల్లల్లేరు. మీరే మా పిల్లలని అందరికీ చెప్పుకుంటున్నాం."

"అది మా అదృష్టం సయా" అని కో శాన్ లిన్ మళ్లీ మోకరిల్లి వెళ్లిపోయారు. వెళ్లేముందు పొయ్యి పక్కన మట్టినేలలో ఒక ఎర్ర జెండా గుచ్చారు. నీళ్ల కుండకి తగలకుండా ఎంతో జాగ్రత్తగా గుచ్చారు.

"ఫో తిన్, గొలుసు తియ్యి" అన్నాడు సయా నాతో.

రాయి దగ్గర నుంచి మొదలుపెట్టాం. ఎర్ర జెండా రెండు వందల నలభై అడుగుల్లో వచ్చింది. సయా ఆగలేదు. వంటిల్లు దాటి, కంచె దాటి, ఇంకో అరవై అడుగులు నడిపించాడు. సరిగ్గా మూడు వందల అడుగులకి గొలుసు కొస ఒక కార్ల షోరూమ్ అద్దాల తలుపుకి ఆనింది. లోపల ఎర్ర కారు మీద పూలదండ ఉంది. ఆ షోరూమ్ ఉపమంత్రిగారి అల్లుడిది. అతని లీజు కాగితం కూడా మా రాయి నుంచే కొలిచి రాసింది. అదే కొలత. శాఖ ఒకే జాగాని ఇద్దరికీ ఇచ్చింది. శాఖ చెయ్యి అంత పెద్దది.

సయా అరపేజీ ఉత్తరం రాసి సంఘానికి పంపాడు. జెండా తప్పు చోట ఉందనీ, మందిరం షోరూమ్ దగ్గర రావాలనీ, ఆరు ఇళ్ల జోలికి రానవసరం లేదనీ.

నాలుగో రోజున ఉపమంత్రిగారే వచ్చారు. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు వచ్చారు. వాళ్లకి వెలుతురు సరిపోకపోతే ఉపమంత్రిగారు ఇంకోసారి మోకరిల్లారు. అధికారంలో ఉన్నవాళ్లలో అంత ఓపిక నేను చూడలేదు.

"సయా, మీరు నాకు సర్వేలో రెండుసార్లు ఫెయిల్ వేశారు. ఆ పట్టుదలతోనే ఇంతవాణ్ని అయ్యాను."

"మూడోసారి ఎందుకు పాస్ చేశానా అని ఆలోచిస్తున్నాను" అన్నాడు సయా.

ఉపమంత్రిగారు హాయిగా నవ్వారు. "మీ ఉత్తరం చదివాను. మీ బాధంతా కొలత గురించే కదా. రాయి నుంచి ఈ వంటింటికి మూడు వందల అడుగులు వస్తే మీకు అభ్యంతరం లేదుగా?"

"వస్తే లేదు."

"వస్తుంది సయా."

ఆ ఆదివారం సివిల్ బ్యాచ్ వాళ్ల పునఃసమ్మేళనం జరిగింది. నాలుగు దేశాల నుంచి నలభై మంది వచ్చారు. అందరికీ ఒకే రంగు టీషర్టులు, ఛాతీ మీద 'చిరకాల స్నేహం' అని. పొద్దున్నే పలుగులూ పారలూ పట్టుకుని సర్వే రాయి చుట్టూ తవ్వారు. రాయిని పైకి తీసి, అరవై అడుగులు పడమరకి మోసుకెళ్లి, పాతారు. అరవై దాటిన మనుషులు. ఒకాయనకి గుండెలో స్టెంటు ఉంది, అయినా తాడు వదల్లేదు. మూడు పరికరాలతో సరిచూశారు. వేలిగోరంత తేడా రాలేదు. సయా చెప్పిన చదువు వృథా పోలేదు. తర్వాత చెట్ల కింద కూర్చుని, ఊరబెట్టిన తేయాకుతో కలిపిన లేపెథో తిన్నారు. హాస్టల్ రోజుల పాటలు పాడుకున్నారు. ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నలభై ఏళ్లలో కలిసి చేసిన మంచిపని ఇదొక్కటేనని కో హెన్రీ నాతో అన్నారు. నేను కాదనలేదు.

మర్నాడు కో శాన్ లిన్ సర్టిఫికెట్ కాగితం తెచ్చారు. సయా నన్ను మళ్లీ గొలుసు తియ్యమన్నాడు. కొత్తచోట ఉన్న రాయి నుంచి పొయ్యి దాకా కొలిచాను. మూడు వందలు.

"సరిగ్గా ఉంది" అని సయా సంతకం పెట్టాడు.

"కో ఓన్ ఖైన్, మీకు మతి పోయిందా" అంది డా మ్యా క్యీ. "నలభై ఏళ్ల ఇంటిని గీత గీసి ఇచ్చేశారు."

"అడిగింది కొలత. కొలత తప్పు కాదు."

"ఆ మాట రేపు పొయ్యి నెత్తిన పెట్టుకుని వీధిలో తిరిగేటప్పుడు చెప్పండి."

ఆ పూట ముగ్గురం తిండికి కూర్చున్నాం. ఆవిడ సయా గిన్నెలో చేపముక్క వేయలేదు.

ఉపమంత్రిగారికి ఆ సర్టిఫికెట్ ఎంతో నచ్చింది. ఫ్రేము కట్టించుకున్నారు. నకళ్లు ఊళ్లో ఉన్న ఆఫీసులన్నిటికీ స్వయంగా పంపించారు, ఇకమీదట ఏ కొలతైనా ఈ రాయి నుంచే జరగాలని ఆదేశంతో సహా. శంకుస్థాపనకి రోజు చూశారు. మిగతా అయిదు ఇళ్ల గురువులు గడువు కంటే ముందే ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఒకాయన టేకు మంచం రిక్షాలో పట్టక వదిలేశాడు. క్రమశిక్షణ గల తరం అది.

శంకుస్థాపన ఇంకా నాలుగు రోజులుందనగా మునిసిపాలిటీ వాళ్లు మురుగుకాలవ కోసం కొలతలు తీసుకున్నారు. ఆదేశం ప్రకారం రాయి నుంచే తీసుకున్నారు. రాయి అరవై అడుగులు జరిగింది కాబట్టి దాని నుంచి కొలిచే భూములన్నీ కాగితం మీద అరవై అడుగులు జరిగాయి. అల్లుడి షోరూమ్ నిలబడ్డ చోటు ఇప్పుడు మురుగుకాలవది. అతని లీజు భూమి వేరేచోట తేలింది. ముప్ఫై రోజుల్లో షోరూమ్ ఖాళీ చేయమని నోటీసు అంటించారు.

అల్లుడు నోటీసు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. వంటింటి గుమ్మంలో నిలబడి కాగితం చూసుకున్నాడు, పొయ్యి చూశాడు. "ఆంటీ, నా లీజు ఇక్కడే అంటున్నారు."

"చెప్పులు విప్పి లోపలికి రా బాబూ" అంది డా మ్యా క్యీ. "కార్లు ఎక్కడ పెడతావు? కట్టెలు కొంచెం జరపనా?"

ఆమె సయా వంక చూసింది. సయా టీ తాగుతున్నాడు. ఆ రాత్రి గిన్నెలో రెండు చేపముక్కలు పడ్డాయి.

ఉపమంత్రిగారు మర్నాడు పొద్దున్నే వచ్చారు. ఈసారి ఫొటోగ్రాఫర్లు లేరు కాబట్టి ఒక్కసారే మోకరిల్లారు. "సయా, ఆ రాయి విషయంలో పొరపాటు జరిగినట్టుంది. ఇంకోసారి చూడండి."

"సర్టిఫికెట్ మీ గోడకే ఉందిగా."

"మీరు ఇంకో సర్టిఫికెట్ ఇవ్వాలి సయా. రాయి పాతచోటే సరైనదని."

"అప్పుడు మందిరం షోరూమ్‌లో వస్తుంది."

"మందిరం సంగతి నేను చూసుకుంటాను."

ఆదివారం ఇంకో పునఃసమ్మేళనం జరిగింది. ఎలక్ట్రికల్ బ్యాచ్. టీషర్టులు వేరే రంగు. రాయి పాతచోటికి వచ్చింది. స్నేహం రెట్టింపయింది.

డిసెంబర్లో ఆచార్య పూజ మళ్లీ అద్దె హోటల్లోనే జరిగింది. ఉపమంత్రిగారు మైకు పట్టుకున్నారు.

"గురువు వంటిల్లు కూల్చి గురువుకి మందిరం కడతామా? నా చేతులు రాలేదు. అందుకే మందిరం వద్దనుకున్నాను. మనం పదకొండు దేశాల విద్యార్థులం కలిసి ఈరోజు సయా ఊ ఓన్ ఖైన్ గారికి ఒక ఇల్లు దానం చేస్తున్నాం. వంటింటితో సహా."

వీడియో తెర మీద సిడ్నీ శాఖ కన్నీళ్లు పెట్టుకుంది. సయాని వేదిక మీదికి పిలిచి నాలుగడుగుల చెక్క తాళంచెవి చేతిలో పెట్టారు. మా ఇంటికి ఎప్పుడూ తాళం లేదు. గిన్నెలోకి నీళ్లు ధారపోశారు. అందరూ సాధు, సాధు, సాధు అన్నారు. పక్కన కూర్చున్న డా మ్యా క్యీ నా చెవి దగ్గర అడిగింది. "ఇది మన ఇల్లే కదా?"

"మన ఇల్లే."

"మరి ఇచ్చిందేంటి?"



దానం చేస్తే దాతల పేర్లు ఉండాలి. దాతలు మూడు వందల పన్నెండు మంది. పేర్లు రెండు ఫలకాల మీద చెక్కిస్తే స్నేహం రెండు ముక్కలవుతుందని కో హెన్రీ అభ్యంతరం చెప్పారు. ఒకే నల్లరాయి తెప్పించారు. పది మంది మోసుకొచ్చారు. వీధి నుంచి కనబడే గోడ వంటిల్లుదే కాబట్టి అక్కడ బిగించారు. అది వెదురు తడిక గోడ, నాలుగు చెక్క స్తంభాలు. మెకానికల్ బ్యాచ్ వాళ్లు విమానం రెక్కలకి వాడే రకం బోల్టులు పంపారు. బిగిస్తుంటే సయా అన్నాడు. "రాయి బరువు ఎవరైనా లెక్క చూశారా?"

"బోల్టుల బలం చూశాం సయా. ఇంకో వందేళ్లు కదలవు" అన్నారు కో శాన్ లిన్.

వాన మొదలైన మూడో రోజు, డా మ్యా క్యీ బజారుకీ నేనూ సయా టీ కొట్టుకీ వెళ్లినప్పుడు, వంటిల్లు కూలింది. బోల్టులు కదల్లేదు. గోడే వాటి వెంట వెళ్లింది. స్తంభాలు వెళ్లాయి, కప్పు వెళ్లింది. పొయ్యి అడుగున పడింది. ఆవిడ చేతిలో కూరల బుట్టతో వీధిలోనే నిలబడిపోయింది. వాన కురుస్తూనే ఉంది. బుట్ట ఎక్కడ దించాలో ఆవిడకి తోచలేదు.

కబురందిన గంటకి కో శాన్ లిన్ గారు వచ్చారు. బురదలోనే సయాకి మూడుసార్లు మోకరిల్లారు. తర్వాత కూలిన కప్పు మీదికి ఎక్కి, రేకులు పక్కకి లాగి, వెల్లకిలా పడి ఉన్న ఫలకాన్ని చేతిరుమాలుతో తుడవడం మొదలుపెట్టారు. పై వరస నుంచి కింది వరస దాకా, ఒక్కొక్క పేరు మీదా వేలు పెట్టి చదువుకుంటూ వెళ్లారు. చాలాసేపు పట్టింది. మేం ముగ్గురం తడుస్తూ చూశాం.

ఆఖరికి ఆయన లేచి నిలబడి, సిడ్నీకి ఫోను చేశారు.

"కంగారు పడకన్నా" అన్నారు. "ఎవరికీ ఏమీ కాలేదు. మూడు వందల పన్నెండు మందీ క్షేమంగా ఉన్నారు."