పదిహేడో నంబరు పాప

ఆ రోజు కోడలి పథకం చాలా చిన్నది. పొద్దున పిల్లల్ని లెక్కపెట్టి లోపలికి తీసుకోవాలి, సాయంత్రం లెక్కపెట్టి తల్లుల చేతుల్లో పెట్టాలి. మధ్యలో ఏడ్చేవాళ్ళు ఏడుస్తారు, పడుకునేవాళ్ళు పడుకుంటారు. ఎన్నో ఏళ్ళుగా ఆ పిల్లల సంరక్షణ కేంద్రాన్ని నడుపుతున్న అత్తగారు మోకాలి నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్తూ మొదటిసారి తాళాలు కోడలికిచ్చారు. రోడ్డవతల తెరవబోయే రెండో కేంద్రం కోడలికి అప్పజెప్పాలా, కూతురికా అన్నది ఈ ఒక్క రోజుతో తేలిపోతుందని ఇంట్లో అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనలేదు, అంతే.

కోడలికి బెరుకేమీ లేదు. కంప్యూటర్ ఉంది కదా. ఆమె భర్త ఆఫీసులో డేటాబేసులతో కుస్తీ పట్టే మనిషి. సెలవుల్లో కూర్చుని తల్లికి ఒక ప్రోగ్రాం రాసిపెట్టాడు. పిల్లల పేరు, పెద్దవాళ్ళ ఫోన్ నంబరు కొట్టి 'సేవ్' నొక్కితే, రోజూ ఒకటి నుంచి మొదలై వరసగా దానంతటదే ఒక నంబరిస్తుంది. ఆ నంబరు చీటీ పిల్లల బట్టలకి అంటించడమే. మనుషులు లెక్క తప్పుతారు గానీ అది తప్పదని అతను పెళ్ళయిన నాటి నుంచీ చెబుతున్నాడు. మిగతా విషయాల్లో ఎలా ఉన్నా ఈ ఒక్క మాట మాత్రం ఆమె నమ్మింది.

మధ్యాహ్నం పిల్లలందరూ చాపల మీద నిద్రపోయాక ఆయా అలవాటుగా తలలు లెక్కపెట్టింది. ఇరవై రెండు. కంప్యూటర్‌లో చివరి నంబరు చూస్తే ఇరవై మూడు. కర్టెన్ వెనక చూశారు, బాత్రూంలో చూశారు, బొమ్మల పెట్టెలో కూడా చూశారు. అప్పుడు కోడలు వంగి వంగి ఒక్కో చీటీ చదువుకుంటూ వచ్చింది. పదహారు తర్వాత పద్దెనిమిది ఉంది. పదిహేడు లేదు. పేరూ ఫోనూ చూద్దామంటే కంప్యూటర్‌లో ఆ నంబరే లేదు. ఎవరో పిల్లని తీసుకెళ్ళి, పోతూ పోతూ పేరు కూడా చెరిపేసిపోయారని ఆమెకు రూఢి అయిపోయింది.

భర్తకి ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నాడు. ఒకే నంబరు ఇద్దరికి వస్తుందా అని మెసేజ్ పెట్టింది. 'చచ్చినా రాదు. ఒకసారి వాడిన నంబరు మళ్ళీ ఎవరికీ ఇవ్వదు' అని గర్వంగా జవాబొచ్చింది. అంటే పదిహేడు ఎవరికో ఒకరికి ఇచ్చినట్టే కదా.

ఇక అందరికీ ఆ పాప గుర్తురావడం మొదలైంది. పొద్దున మూల కూర్చుని నోరెత్తని పిల్ల ఒకతె ఉందని ఆయా అంది. పసుపు గౌను వేసుకుందని వాచ్‌మన్ అన్నాడు. రెండుసార్లు మంచినీళ్ళు తన దగ్గరే అడిగిందని వంటామె కళ్ళు ఒత్తుకుంది. కాసేపటికి ఆ పాప ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ కూడా మొలిచింది.

కోడలు తడబడలేదు. ఆయాని నిద్రపోయే పిల్లల దగ్గర కదలకుండా కూర్చోబెట్టి, వాచ్‌మన్‌ని బస్సుల రోడ్డు వైపు పంపి, వంటామెతో తను వీధిలోకి దిగింది. పిల్ల పేరేంటని మంగలి షాపతను అడిగాడు.

"పదిహేడు," అంది కోడలు.

"వయసు కాదండీ, పేరు."

"నాకు తెలిసింది అదే."

వార్త వీధి చివరికి చేరేసరికి పదిహేడేళ్ళ అమ్మాయి ఎవరితోనో వెళ్ళిపోయిందని తేలింది. బస్సు కోసం నిలబడ్డ కాలేజీ పిల్లని చుట్టుముట్టి, ఇంటికి వెళ్ళమ్మా, అమ్మానాన్నలు ఏమైపోతారని నలుగురు నీతులు చెప్పారు. ఆ పిల్ల ఇంటికే వెళ్తోంది పాపం.

ఇంతలో వాచ్‌మన్ వచ్చాడు. చంకలో నాలుగేళ్ళ పాప, పసుపు గౌను. పదిహేడో నంబరు నువ్వేనా అని అడిగితే బుద్ధిగా తలూపిందట. నువ్వు ఏనుగువా అని అడిగినా ఆ వయసు పిల్లలు తలూపుతారని అతనికెవరూ చెప్పలేదు. బుగ్గ మీద పుట్టుమచ్చ లేదు. చెమటకి చెరిగిపోయి ఉంటుందంది వంటామె. కోడలు కొత్త చీటీ మీద పదిహేడు వేసి గౌనుకి అంటించింది. తలలూ నంబర్లూ సరిపోయాయి. పాపని ఒళ్ళో పెట్టుకుని చేతికి బిస్కెట్ ఇచ్చింది.

అత్తగారు కుంటుకుంటూ గుమ్మంలోకి రావడం, భర్త ఫోన్ చేయడం ఒకేసారి జరిగాయి.

"ఇక్కణ్ణుంచే జాబితా చూశాను, పదహారూ పద్దెనిమిదీ కవలలే కదా. పొద్దున రెండోవాడికి కూడా ముందు అదే ఫోన్ నంబరు కొట్టావా?" అన్నాడు.

"కొట్టాను. ఒప్పుకోలేదు. వాళ్ళ నాన్న నంబరు కొడితే ఒప్పుకుంది."

"అదీ సంగతి. నువ్వు సేవ్ నొక్కగానే పదిహేడు తీసుకుంది. ఆ ఫోన్ నంబరు అప్పటికే ఉందని వివరాలు తిరగ్గొట్టింది. కానీ తీసిన నంబరు వెనక్కి పెట్టదు. పిండిన పాలు పొదుగుకెక్కవుగా. పదిహేడో పాపంటూ ఎవరూ లేరు."

"మరి నా ఒళ్ళో కూర్చుని బిస్కెట్ తింటున్నదెవరండీ?"



"దానికీ నా ప్రోగ్రాంకీ సంబంధం లేదు," అన్నాడు.

అత్తగారు కోడలి వంక చూశారు, పాప వంక చూశారు, తాళాల కోసం చెయ్యి చాచారు. ఊళ్ళో పిల్లని ఎత్తుకొచ్చి చీటీ అంటించే కేంద్రానికి రేపటి నుంచి ఎవరొస్తారని మెల్లగానే అడిగారు. కోడలు తాళాలు తీసి ఇవ్వబోతుండగా పక్క వీధి టైలరమ్మ మెడలో టేపుతోనే పరిగెత్తుకొచ్చి పడింది. మంగలి షాపతను చెప్పాడట. పాప ఆవిడదే. కత్తిరింపు బల్ల కింద పడుకుని ఉందనుకుని ఆవిడ మిషన్ తొక్కుకుంటూనే ఉంది.

కోడలు తగ్గలేదు. పిల్ల ఎక్కడ దొరికిందో చెప్పమని వాచ్‌మన్‌ని ముందుకు తోసింది. బస్సుల రోడ్డు మీద, ఒక కాలు ఫుట్‌పాత్ మీద, రెండోది కింద అని అతను చెప్పాడు. టైలరమ్మ నేల మీద కూలబడి పిల్లని గుండెలకి అదుముకుంది. చాలాసేపటికి తలెత్తింది.

"లేని పిల్ల కోసమే వీధంతా గాలించారంటే, ఉన్న పిల్లని ఎలా చూస్తారో నాకెవరూ చెప్పక్కర్లేదు. రేపట్నుంచి దీన్ని ఇక్కడే వదుల్తానండీ," అంది.

అత్తగారు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని మోకాలు నిమురుకున్నారు. రోడ్డవతల కేంద్రం తాళాలు కూడా ఆ గుత్తిలోనే వేసుకో అన్నారు కోడలితో.

రాత్రి కొడుకు వచ్చి, నంబర్లు ఇక ఎప్పుడూ తప్పిపోకుండా ప్రోగ్రాం మార్చేస్తానన్నాడు. అత్తగారు వద్దన్నారు. మర్నాటి నుంచి, నంబరు తప్పినా తప్పకపోయినా, మధ్యాహ్నం ఒకసారి వాచ్‌మన్ బస్సుల రోడ్డు దాకా వెళ్ళి ఎవరైనా మిగిలారేమో చూసి రావాలి.