పెల్కోయార్విలోనా, పెల్కోయార్వి దగ్గరా?

"ఇకమీదట మనం పెల్కోయార్వి దగ్గర ఉండం. పెల్కోయార్విలోనే ఉంటాం!" అని మా మునిసిపల్ కౌన్సిల్ అధ్యక్షుడు తైస్తో హొక్కనెన్ ప్రకటించారు. అంతటి చారిత్రక ఘట్టానికి మినిట్స్ రాసే భాగ్యం నాకు దక్కింది.

మా ఫిన్నిష్‌లో ఊరి పేరు చివర 'స్సా' తగిలిస్తే లోపల అని, 'ల్లా' తగిలిస్తే దగ్గర అని. ఏ ఊరికి ఏది అన్నది ఆ ఊరివాళ్ల నోటివాటం. యార్వి అంటే సరస్సు, మేముండేది ఒడ్డున. అందుకని మా తాతముత్తాతలు ల్లా అనుకుంటూ బతికేశారు. విజన్ లేని మనుషులు.

"హెల్సింకీకి స్సా! తుర్కుకి స్సా! మనం మాత్రం ల్లానా?" అన్నారు తైస్తో.

"తంపెరె అంత పెద్ద ఊరు, దానికీ ల్లాయే కదా తైస్తో?" అంది కౌన్సిలర్ ఐలా. ఆవిడ మా హెల్త్ సెంటర్ నర్సు కూడా.

"అందుకే అది రాజధాని కాలేకపోయింది."

ఆ తర్కానికి సభంతా చేతులెత్తింది.

"హెల్త్ సెంటర్ మూసేస్తామని పైనుంచి ఉత్తరం వచ్చింది. దాని సంగతేమిటి?"

"ముందు మనం ఎక్కడున్నామో తేలాలి కదా ఐలా!"

నెల తిరక్కుండా బోర్డులన్నీ మారాయి. అలవాటుకొద్దీ ల్లా అన్న లైబ్రేరియన్‌కి రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు.

ఆ శనివారం తైస్తో ఆవిరిస్నానం చేసి బయటికొస్తూ, ఆవిరిగది మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారు. భార్య ఇర్మెలి అత్యవసర నంబరుకి ఫోన్ చేసింది.

"మా ఆయన పడిపోయాడండీ! పెల్కోయార్వి..."

"ల్లానా, స్సానా?"

ఇర్మెలి మొగుడికేసి చూసింది.

"స్సా అని చెప్పవే! రూలంటే రూలే!" అని మూలిగారాయన.

"స్సా అండీ."

"అయ్యయ్యో! పడి ఎంతసేపైంది?"

రెండు పడవలూ, నలుగురు గజ ఈతగాళ్లూ వచ్చారు. సాయంత్రం దాకా సరస్సంతా గాలించారు. తైస్తో మెట్ల మీంచే ఆ ఈతగాళ్ల క్రమశిక్షణని మెచ్చుకున్నారు. చివరికి ఐలాయే సైకిలేసుకొచ్చి, కాలికి కట్టు కట్టి, ఆస్పత్రికి పంపింది.

గజ ఈతగాళ్లు నిజాయితీగా రిపోర్టు రాశారు: "పెల్కోయార్విలో మనుషులెవరూ లేరు." దాన్ని పైవాళ్లు శ్రద్ధగా చదివారు. మనుషులే లేనిచోట హెల్త్ సెంటరెందుకని వారంలోగా తాళం వేయించారు.

ఆ ఆర్డరు పట్టుకుని ఐలా ఆస్పత్రికి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను.

"చదువు తైస్తో," అంది.

ఆయన రెండుసార్లు చదివారు. కళ్లు చెమర్చాయి.

"చూశావా ఐలా," అన్నారు, "స్సా అనే రాశారు!"